అయాచితము: సహకార్యశాలలో నేను నేర్చిన పాఠము



సాయంకాల నీరాజనము ముగిసి తీర్థప్రసాదములు ఇచ్చే వేళ భక్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "పంతులుగారూ, మీ అబ్బాయి హైదరాబాదులో ఏ కంపెనీలో చేస్తున్నాడు?" కొన్ని సంవత్సరములుగా ఈ ప్రశ్నకు నా వద్ద సూటియైన సమాధానము లేకపోయినది. వాడు ఏ కంపెనీలోను లేడు. వెబ్‌సైట్లు నిర్మించే పనిని సొంతముగా చేసుకుంటాడు. వానికి యజమాని లేడు, జీతము లేదు, నెల మొదటి తేదీ అనే పండుగ లేదు. ఆ మాట చెప్పగానే అడిగినవారి ముఖములో ఒక జాలి కదలాడేది. అది చూడలేక "ఏదో కంప్యూటర్ పని లెండి" అని ఉద్ధరిణెను తరువాతివారి వైపు త్రిప్పేవాడిని.

యోచిస్తే ఇది విచిత్రమైన సంకోచము. మనుస్మృతి నాలుగవ అధ్యాయములో జీవనవృత్తుల విభాగము ఉన్నది. పొలములో రాలిన గింజలను ఏరుకొని జీవించుట ఋతము. అడుగకుండా లభించినది అమృతము. యాచించి తెచ్చుకొన్నది మృతము. కృషి ప్రమృతము, వాణిజ్యము సత్యానృతము. పరసేవకు మాత్రము అక్కడ శ్వవృత్తి అని పేరు. అంటే కుక్క బ్రతుకు. ఈ విభాగమును ఎందరికో వివరించిన నేను, నా కుమారుడు ఒకరి క్రింద సేవ చేయుట లేదని చెప్పుటకు సిగ్గుపడినాను. ఆ సిగ్గు ఎక్కడ పుట్టినదో, ఎక్కడ తొలగినదో చెప్పుటకే ఈ వ్యాసము.

మాది కోనసీమలో ఒక చిన్న శివాలయము. నేను కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖాధ్యాయిని. ధూపదీప నైవేద్యముల నిమిత్తము వచ్చే మొత్తము, పళ్లెములో పడే దక్షిణ, కొలదిపాటి పౌరోహిత్యము – ఇదే మా సంసారాధారము. మా నాన్నగారు నాకు ఉపనయనమైన నాటి నుండి ఒకే మాట చెప్పేవారు: "హారతి ఇచ్చేటప్పుడు స్వామిని చూడు, పళ్లెమును చూడకు." అదే మాటను నేను నా కుమారునికి చెప్పినాను. వాడు ఎనిమిదవ ఏట వేదపాఠశాలలో చేరినాడు. తైత్తిరీయములో సంహిత 44 పన్నాలు, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10, వెరసి 82 పన్నాలు. సంహిత పూర్తి చేసి, బ్రాహ్మణము ఆరంభించక మునుపే, పదునాలుగవ ఏట ఇంటికి వచ్చి "బడిలో చదువుకుంటాను" అన్నాడు. నేను కోపగించలేదు. అంతకంటె కఠినమైన పని చేసినాను. మౌనము వహించినాను.

తరువాత కాకినాడలో ఇంజనీరింగు, హైదరాబాదులో నాలుగేళ్ల ఉద్యోగము. ఒక సంక్రాంతికి వచ్చి ఆ ఉద్యోగమును విడిచిపెట్టినానని చెప్పినాడు. వేదమును సగములో విడిచినవాడు ఉద్యోగమును కూడ సగములో విడిచినాడు అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. కాని పిల్లలకు తండ్రి మనస్సులోని మాటలు కూడ వినిపిస్తాయని ఇప్పుడు తెలిసినది.

గత మార్గశిరములో నా కుడికంటికి శుక్లముల శస్త్రచికిత్స జరిగినది. కంటిలో నీరు పడరాదు, ధూమము తగలరాదు అని వైద్యుల ఆజ్ఞ. అభిషేకము చేయనివాడు, హారతి ఇవ్వనివాడు గుడిలో ఉండి ఏమి చేస్తాడు? స్వామిసేవను తమ్మునికి అప్పగించి, సహధర్మచారిణితో కూడ పదిరోజులు హైదరాబాదులో అబ్బాయి వద్దనే ఉన్నాను. రెండవ రోజున నన్ను తన పనిచోటికి తీసుకొనిపోయినాడు. మాదాపూరులో ఒక భవనపు మూడవ అంతస్తు అది. దానిని కో-వర్కింగ్ అంటారు. నేను సహకార్యశాల అని పిలుచుకున్నాను.

ఒక విశాలమైన గది, పొడవైన బల్లలు, వాటి ముందు ముప్పదిమంది. అందరూ ఒకే కార్యాలయమువారు అనుకున్నాను. కాదట. ఒకరు వైద్యగ్రంథములను అనువదించే ఆయన. ఒకరు పెండ్లిళ్లకు ఛాయాచిత్రములు తీసే ముస్లిం యువకుడు. ఒక అమ్మ చార్టర్డ్ అకౌంటెంటు. ఇద్దరు పిల్లలు ఏదో యంత్రపు నమూనా చేస్తున్నారు. ఎవరి పని వారిది, ఎవరి సంపాదన వారిది. బల్ల, విద్యుత్తు, ఇంటర్నెట్టు, టీ మాత్రము ఉమ్మడి. అందుకు నెలకింత అని రుసుము చెల్లిస్తారు. ఒకరికొకరు పైవారు కారు, క్రిందివారు కారు. గోడ మీద ఒక పలక వ్రేలాడుతున్నది. ఏ రోజున టీ పెట్టే వంతు ఎవరిదో దానిపై వ్రాసి ఉన్నది. ఆ పలక సంగతి మరల చెబుతాను.

ఈ పద్ధతి ఎక్కడ మొదలైనదని అబ్బాయిని అడిగినాను. 2005లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు దీనిని ఆరంభించినాడట. ఉద్యోగములో తోటివారు ఉంటారు, స్వేచ్ఛ ఉండదు. సొంత పనిలో స్వేచ్ఛ ఉంటుంది, తోటివారు ఉండరు. ఈ రెంటినీ కలుపవచ్చునా అన్నది అతని ప్రశ్న. స్పైరల్ మ్యూజ్ అనే చోట వారమునకు రెండు రోజులు స్థలము తీసుకొన్నాడు. కలిసి భోజనము, నడుమ ధ్యానము, సాయంత్రము ఐదుంబావుకు అరగంట దాటగానే, అంటే 5.45కు, తప్పనిసరిగా మూసివేత – ఇవి అక్కడి నియమములు. మొదటి నెలలో ఒక్కరూ రాలేదట. అయినను అతడు బల్లలు వేసి కూర్చున్నాడు. ఆ మాట విన్నప్పుడు మా గుడి జ్ఞాపకమునకు వచ్చినది. వర్షాకాలపు మంగళవారములలో ఒక్క భక్తుడు కూడ రాని పూటలు ఉంటాయి. అయినను దీపము వెలిగించవలసినదే, నైవేద్యము పెట్టవలసినదే. వచ్చేవారి కొరకు కాదు, వచ్చినప్పుడు అక్కడ ఉండుట కొరకు.

కంటికి నల్లని అద్దములు పెట్టుకొని వాని ప్రక్కన కూర్చున్నాను. తెరను చూడలేను కాబట్టి వాని మాటలు విన్నాను. ముప్పదిరెండేళ్ల కుమారుని పని గురించి నేను విన్నది అదే మొదటిసారి.

ఈ వెబ్ అనే దానిని టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయుడు 1989లో జెనీవా సమీపములోని సెర్న్ పరిశోధనాలయములో ప్రతిపాదించినాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దానిని ఎవరైనను మూల్యము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించినది. ఆ దానము మీదనే తన జీవిక నిలిచి ఉన్నదని అబ్బాయి చెప్పినాడు. విద్యను విక్రయించరాదని మన గురుకులముల నియమము. మా గురువుగారు ఎనిమిదేళ్లు అన్నము పెట్టి సంత చెప్పినారు. ఒక్క రూపాయి తీసుకొనలేదు. అన్యదేశములో అన్యవిద్యలో ఆ నియమమే కనబడుట నాకు ఆశ్చర్యము, ఆనందము.

వాడు చేసే ప్రతి మార్పును భద్రపరచే గిట్ అనే సాధనము ఒకటి ఉన్నది. లినక్స్‌ను నిర్మించిన లినస్ టోర్వాల్డ్స్ 2005లో దీనిని కూడ నిర్మించినాడు. ప్రతి మార్పునకు గణితముచే లెక్కించిన ఒక ముద్ర ఉంటుంది. పాఠములో ఒక్క అక్షరము మారినను ముద్ర మారిపోతుంది. ఎవరైనను తెలియక చెరిపినా, తెలిసి చెరిపినా బయటపడుతుంది. "మన ఘన వంటిది, నాన్నగారూ" అన్నాడు. నేను ఉలిక్కిపడినాను. వేదములో ఒక్క స్వరము జారిపోకుండుటకు పెద్దలు పద, క్రమ, జట, ఘనాది పాఠములను ఏర్పరచినారు. ఘనలో మొదటి పదము, రెండవ పదము, రెండు, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి, మరల ఒకటి, రెండు, మూడు – ఇట్లు ముందునకు వెనుకకు అల్లుతారు. ఎక్కడ పొరపాటు పడినను అల్లిక తెగిపోతుంది. వాడు ఘన చదువలేదు. ఆ వయస్సుకు ముందే వచ్చివేసినాడు. కాని పాఠశాలలో పెద్ద విద్యార్థులు చెప్పుతూ ఉండగా విన్నది వానిలో అట్లే నిలిచి ఉన్నది.

వానికి రెండు వ్యసనములు ఉన్నవని అక్కడివారు నవ్వుతూ చెప్పినారు. నేను భయపడినాను. మొదటిది పక్షులు. ప్రతి ఆదివారము తెల్లవారుజామున అమీన్‌పూర్ చెరువునకు పోతాడు. ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశముగా ప్రకటించినారు. నగరపరిధిలోని జలాశయమునకు ఆ గౌరవము లభించుట దేశములో అదే మొదలు. నన్ను కూడ తీసుకొనిపోయినాడు. ఇంటి నుండి చెంబుతో తెచ్చుకొన్న నీటితో గట్టు మీద అర్ఘ్యప్రదానము చేసినాను. ఎడమ కంటికి దూరమున రాజహంసలు గులాబీరంగు మరక వలె కనబడినవి. వాడు ఛాయాచిత్రములు తీయలేదు. ఒక చిన్న పుస్తకములో ఏ పక్షి ఎన్ని అని వ్రాసుకొన్నాడు, అంతే. "దీనివలన ఏమి లభిస్తుంది నాయనా?" అన్నాను. "ఏమీ లభించదు నాన్నగారూ. అందుకే వస్తాను" అన్నాడు. నిష్కామకర్మ గురించి నేను చేసిన ఉపన్యాసములు అనేకము. వాటిలో ఏ ఒక్కటి ఇంత క్లుప్తముగా లేదు.

రెండవ వ్యసనము నా హృదయమును తాకినది. తెలుగు లిపిలో వేదమంత్రములను స్వరచిహ్నములతో తెరపై సరిగా చూపించే ప్రయత్నము వాడు మూడేళ్లుగా రాత్రిపూట చేస్తున్నాడు. ఎవరూ చేయమనలేదు, ఎవరూ ధనము ఇవ్వలేదు. కంప్యూటరులో ప్రపంచలిపులన్నింటికి యూనికోడ్ అనే వ్యవస్థ స్థానములను కేటాయిస్తుంది. తెలుగు విభాగమునకు 128 స్థానములు. వేదస్వరముల కొరకు ప్రత్యేక విభాగము 2009లో చేరినది. మనము దీర్ఘస్వరితమునకు పెట్టే జంట నిలువుగీతలు అందులో ఉన్నవి. సాధారణ స్వరితము, అనుదాత్తము మాత్రము దేవనాగరి విభాగములోనివే తెలుగునకు కూడ వాడవలెను. కొన్ని చోట్ల గీత అక్షరముపై కూర్చొనక ప్రక్కకు జారిపోతుంది. కొన్ని చోట్ల చుక్కల వలయము ఒకటి ప్రత్యక్షమవుతుంది.

అందులో ఒక వింత చెప్పినాడు. మన సంప్రదాయములో ఉదాత్తమునకు గుర్తు లేదు. అక్షరముపై నిలువుగీత స్వరితమునకు గుర్తు. కాని ఆ నిలువుగీతకు యూనికోడ్‌లో ఉన్న పేరు 'ఉదాత్తము'. పొరపాటని తెలిసినను మార్చరు. ఒకసారి పెట్టిన పేరును ఎన్నటికీ మార్చరాదని వారి నియమము. పేరు మారితే దానిని నమ్ముకొన్న గ్రంథములు చెడిపోతాయి కాబట్టి, తప్పు పేరుతోనే సరియైన పని చేయించుకుంటారు. నేను నవ్వినాను. ఆ తరువాత నవ్వలేకపోయినాను. 'వేదమును విడిచినవాడు' అని నా మనస్సులో వీనికి ఒక పేరు పెట్టి పదునెనిమిది సంవత్సరములైనది. నేను కూడ దానిని మార్చలేదు.

ఇక అసలు విషయమునకు వస్తాను. నాలుగవ రోజు మధ్యాహ్న భోజనము. నేను బయటి అన్నము తినను కాబట్టి ఇంటి నుండి క్యారియరులో పప్పు, పెరుగన్నము తెచ్చుకొని ఆ పెద్ద బల్ల చివర కూర్చున్నాను. నేను వస్తున్నానని తెలిసి ఆ వారమంతా ఎవరూ అక్కడ మాంసాహారము తెచ్చుకొనలేదని తరువాత తెలిసినది. ఎవరూ ఆ సంగతి నాకు చెప్పలేదు. అబ్బాయి ఫోను మాట్లాడుటకు బయటికి పోయినాడు. ఆ చార్టర్డ్ అకౌంటెంటు అమ్మ నా ఎదురుగా కూర్చుని "అంకుల్, ఇప్పుడు బాగానే నిద్రపోతున్నాడా?" అని అడిగినది. "ఎందుకమ్మా, ఏమైనది?" అన్నాను. ఆమె ముఖము మారినది. "మీకు తెలియదా?" అన్నది.

రెండేళ్ల క్రితము ఒక ఆసామి ఆన్‌లైను దుకాణము ఒకటి నిర్మించమని వీనికి అప్పగించినాడట. ఎనిమిది నెలల పని. ఒప్పుకొన్న పనికి ప్రతి వారము ఇంకొక చిన్న మార్పు, ఇంకొక చిన్న చేర్పు. సహాయమునకు పెట్టుకొన్న ఇద్దరికి అబ్బాయి తన చేతి నుండి ఇచ్చినాడు. పని పూర్తి అయినది, దుకాణము నడిచినది, ధనము రాలేదు. వాడు ఒక ఉత్తరము వ్రాసినాడు. సమాధానము రాలేదు. రెండవ ఉత్తరము వ్రాయలేదు. అద్దెకు అప్పు చేసినాడు. రాత్రి మేలుకొని పగలు పడుకొన్నాడు. మూడు నెలలు అట్లు గడచినవి. క్రమముగా సహకార్యశాలకు వచ్చుట తగ్గినది, ఆపై నిలిచిపోయినది.

గోడ మీది పలక సంగతి మరల చెబుతానన్నాను కదా. ఒక సోమవారము టీ వంతు వీనిది. టీ లేదు. స్థలమునకు యజమాని కాదు, టీ దొరకనివారు వెదకినారు. ఫోను ఎత్తలేదు. మూడవ రోజున ఆ అమ్మ, ఛాయాచిత్రకారుడు కలిసి వాని గదికి పోయినారు. చాలసేపటికి తలుపు తెరచినాడట. జ్వరము. గదిలో రెండు రోజులుగా పొయ్యి వెలుగలేదు. ఆ యువకుడు వారము రోజులు రాత్రులు అక్కడనే పడుకొన్నాడు. మనోవైద్యుని వద్దకు వెంట తీసుకొనిపోయినారు. ఆమె ఆసామికి ఉత్తరము వ్రాసినది. అదే బల్ల వద్ద పనిచేసే న్యాయవాది నోటీసు పంపినాడు. రావలసిన దానిలో సగము వచ్చినది.

ఆ మూడు నెలలలో ప్రతి ఆదివారము వాడు మాకు ఫోను చేసినాడు. ప్రతి ఆదివారము నేను ఒకే ప్రశ్న అడిగినాను: "సంధ్యావందనము చేస్తున్నావా?" "చేస్తున్నాను నాన్నగారూ" అన్నాడు. అది అసత్యము కాదు. జ్వరములో కూడ చేసినాడట. నేను తృప్తితో ఫోను పెట్టివేసినాను. స్వామికి ఏ ఘడియలో స్నానము, ఏ ఘడియలో నివేదన, ఏ ఘడియలో పవళింపు అని తప్పకుండ ఎరిగిన నేను, నా బిడ్డ అన్నము తిన్నాడో లేదో ఎరుగను.

ఆ రాత్రి వాని ప్రక్కన కూర్చుని అడిగినాను. "నీకు న్యాయముగా రావలసిన ధనమును ఎందుకు అడుగలేదు?" చాలసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "పళ్లెము వైపు చూడకూడదని మీరు చెప్పేవారు కదా నాన్నగారూ. ఇన్‌వాయిస్ పంపిన ప్రతిసారీ పళ్లెము చాచినట్లే ఉండేది. రెండోసారి చాచలేకపోయాను."

నాకు వెంటనే సమాధానము తోచలేదు. మంచము మీద పడుకొని, మూయకూడని కంటిని మూయక, నా జీవితమును వెనుకకు చదువుకున్నాను. నేను ఎన్నడూ ఎవరినీ అడుగలేదు, నిజమే. కాని నా ఇంట పొయ్యి ఎన్నడు ఆరినది? మా నాన్నగారు మంచము పట్టిన సంవత్సరము కరణముగారి ఇంటి నుండి మూడు నెలలు బియ్యము వచ్చినది. నేను అడుగలేదు, వారి ఇల్లాలు మా వంటింటి పొగను చూచినది. మా కిరాణా దుకాణపువాడు ఎన్నడూ లెక్క పంపడు. పంట అమ్మిన తరువాత రైతులు ఇచ్చే సంభావన మాకు ఎప్పుడు చేరుతుందో వానికి తెలుసు. అవసరము పడినప్పుడు పదిమంది నా పక్షమున అడిగినారు. నా చెవిన పడకుండ అడిగినారు. దానిని నేను నా వైరాగ్యము అనుకున్నాను. నా అయాచితవ్రతమును నిలిపినది నా వైరాగ్యము కాదు, నా ఊరు. ఆ ఊరిని ఇవ్వకుండ ఆ వ్రతమును మాత్రము బిడ్డకు ఇచ్చి నగరమునకు పంపినాను. వాడు దానిని నిష్ఠగా పాటించి మంచము పట్టినాడు.

తెల్లవారిన తరువాత వానితో చెప్పినది ఇది. దక్షిణ యాచన కాదు. పురాణములు దక్షిణాదేవిని యజ్ఞపురుషుని పత్నిగా చెప్పినవి. ఆమె లేక యజ్ఞము ఫలించదు. గీతలో పదునేడవ అధ్యాయమున భగవానుడు తామసయజ్ఞ లక్షణములను చెప్పుతూ దక్షిణ లేకుండుటను కూడ అందులో చేర్చినాడు. దోషము అడిగినవానిది కాదు, ఇవ్వక కర్మను ముగించినవానిది. కావున నీవు పనికి తగిన మూల్యమును అడుగుట లోభము కాదు. ఎదుటివాని కర్మ లోపభూయిష్ఠము కాకుండ కాపాడుట కూడ. పళ్లెము వైపు చూడవద్దని మా నాన్నగారు చెప్పినది హారతి వేళకు. జీవితమంతటికీ కాదు. ఆ భేదమును నేను నీకు చెప్పలేదు. అది నా లోపము.

వాడు ఏమీ అనలేదు. ఇప్పుడు పని మొదలుపెట్టక ముందే కొంత తీసుకుంటాడట, మిగిలినది అంచెలంచెలుగా. చేర్పులకు వేరుగా లెక్క కడతాడట. ఆ లెక్కలు నేర్పినది ఆ అమ్మయే. నేను చెప్పినది ఆమె ముందే చెప్పినది. నేను దానికి ప్రమాణమును మాత్రము చేర్చినాను. వాని ముఖమును చూస్తే ప్రమాణము కూడ వానికి కావలసినదే అని తోచినది.

సహకార్యశాలను నేను సత్సంగమని పొగడుట లేదు. అది వ్యాపారస్థలము. నెల రుసుము చెల్లించలేనివాడు అక్కడ ఉండలేడు. ఆరు నెలలకు మనుష్యులు మారుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆ మొదటి స్థలము కూడ మరుసటి సంవత్సరమే వేరొక చోటికి మారినది. సొంత పని చేసుకొనేవానికి భవిష్యనిధి లేదు, సెలవులో జీతము లేదు, అస్వస్థత వస్తే ఆదాయము ఆ రోజే ఆగిపోతుంది. విదేశములవారి వేళలకు రాత్రులు మేలుకొనవలెను. ఇవి సత్యములు. అయినను బల్లను అద్దెకు ఇచ్చే చోట, ఒప్పందములో లేనిది ఒకటి పుట్టినది. ఒకని టీ వంతు తప్పితే మరియొకడు వాని తలుపు తట్టినాడు. ఊరు అనేది అంతకంటె వేరుగా ఏమి చేస్తుంది?

స్వధర్మము గురించి మనము చాల మాట్లాడుతాము. స్వధర్మమును ఒంటరిగా ఆచరించవలెనని గీతలో ఎక్కడా లేదు. అర్జునునకు ప్రక్కన సారథి ఉన్నాడు. విషాదమును పైకి చెప్పినాడు కాబట్టి ఉపదేశము లభించినది. అర్జునుడు ఆ దినమున "బాగున్నాను" అని ఊరకుండి ఉంటే మనకు గీత లేదు.

కావున ఇది చదివే తల్లిదండ్రులకు ఒక విన్నపము. మీ ఇంట ఇట్లు సొంతముగా పని చేసుకొనే బిడ్డ ఉంటే, సంధ్య వార్చినావా, గుడికి పోయినావా అని తప్పక అడుగండి. దానితో ఆగవద్దు. భోజనము ఎవరితో చేసినావు, రావలసినది వచ్చినదా, రాత్రి నిద్ర పట్టినదా అని కూడ అడుగండి. సమాధానము వచ్చువరకు ఫోను పెట్టవద్దు. స్వయముగా పని చేసుకొనే పిల్లలకు కూడ ఒక మాట. అడుగకుండుట అన్ని వేళల నిస్పృహ కాదు; కొన్ని వేళల అది అహంకారమునకు వేసిన కాషాయము. దీనిని నా అనుభవముతో చెబుతున్నాను.

ఇప్పుడు భక్తులు ఆ పాత ప్రశ్న అడిగితే తడబడను. "మావాడు సొంతముగా వెబ్‌సైట్లు కడతాడు. పదిమందితో కలిసి కూర్చుని చేస్తాడు" అంటాను. కొందరికి జాలి ఇంకను ఉన్నది. ఉండనీ.

గత ఆదివారము ఫోను చేసినప్పుడు ముందుగా వాడే అడిగినాడు: "కన్ను ఎలా ఉంది నాన్నగారూ? చుక్కలు ఎవరు వేస్తున్నారు?" చెప్పినాను. తరువాత, ఏబదియెనిమిదేళ్ల జీవితములో ఎవరినీ అడుగని మాట ఒకటి నోట వచ్చినది. "ఒరేయ్ నాయనా, శివరాత్రికి నాలుగు రోజులు ముందుగా రాగలవా? అభిషేకానికి బిందెలు మోయలేకపోతున్నాను."

అవతల కొంచెము సేపు నిశ్శబ్దము. ఆ తరువాత "వస్తాను నాన్నగారూ. లాప్‌టాప్ తెచ్చుకుంటాను, మంటపంలో కూర్చుని పని చేసుకుంటాను. నమకం వల్లె కూడ వేసుకుంటాను, నాలుగవ అనువాకంలో తడబడుతున్నాను" అన్నాడు.

స్వస్తి.